తాళం తప్పని గురక

లెక్కల మాస్టారి గదిలో సంగీత యంత్రాలకు కొదవ లేదు. "బావా, నీ దగ్గర పాట తప్ప అన్నీ ఉన్నాయి" అని బావమరిది ఏడిపిస్తుంటాడు. ఏది కొన్నా మాస్టారికి పట్టుమని రెండు వారాలు తిరక్కుండానే మొహం మొత్తేది. ఆ రాత్రి విసుగెత్తి అన్నిటినీ మూలకు తోసేసి, మొట్టమొదట కొన్న డ్రమ్ మెషీన్ ఒక్కదాన్నే లాప్‌టాప్‌కు కలిపాడు.

చేతులకు ప్రాణం వచ్చినట్టయింది. స్పీకర్ సన్నగా పెట్టుకుని దరువు మీద దరువు పేర్చుకుంటూ పోయాడు. పక్కగదిలో భార్య గురక కూడా సరిగ్గా తాళానికే పడుతోంది. నవ్వొచ్చింది.

సరదాకి వేగం తగ్గించాడు. గురకా తగ్గింది.

ఇంకాస్త తగ్గించాడు. ఒక గురకకూ మరో గురకకూ మధ్య నిశ్శబ్దం సాగింది. మరీ సాగింది. కంగారుగా వేగం పెంచేస్తే, లోపల ఆమె పరిగెత్తి వచ్చిన మనిషిలా రొప్పింది. గబగబా మొదటి వేగానికి తెచ్చి, తలుపు దగ్గరికెళ్లి తొంగిచూశాడు. ఆమె వెల్లకిలా నిద్రపోతోంది. ఒక్కో దరువుకు దుప్పటి లేచి పడుతోంది.

తిరిగొచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక పాట పూర్తయింది. ఇక ఆపడమే తరువాయి. వేలు బటన్ దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇంకా ఎంతసేపండీ?" నిద్రమత్తులో ఆమె గొణిగింది. "ఆపేసి పడుకోండి."

ఆ మాటలూ తాళంలోనే పడ్డాయి.

"ఒక్క నిమిషం" అన్నాడు, రోజూ అనే మాటే.

కిటికీలో తెల్లారిపోతోంది. దరువు మోగుతూనే ఉంది.