భుజం మీద నాలుగు వేళ్ళు

"నాన్నా, ఈ పిల్లని తీసెయ్యి."

కూతురు కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి చూపించింది. ఫొటోగ్రాఫరు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. పదో తరగతి గ్రూపు ఫొటో. చివరి వరసలో, కొసన నిలబడ్డ రెండు జడల పిల్ల. ఆ పిల్ల పక్కనే తన కూతురు.

"ఈ పిల్ల నీ స్నేహితురాలు కదూ?"

"స్నేహితురాలేం కాదు. పక్కన కూర్చుంటుంది."

"తీసెయ్యమని నువ్వు అడుగుతున్నావా?"

"నేను కాక ఇంకెవరు అడుగుతారు?"

ఆయన ఏదో చెప్పబోయి మానేశాడు. "ఇంతకీ ఏం చేసింది?"

"ఏం చెయ్యలేదు. ఉంది, అంతే."

తరగతిలో ఆ పిల్లని అందరూ నత్త అంటారు. ఏదడిగినా ఆలోచించి, నిదానంగా జవాబు చెబుతుంది. పదిహేనేళ్ళ వయసులో అంతకన్నా పెద్ద నేరం లేదు. దాని పక్కన కూర్చున్న పాపానికి ఫొటోగ్రాఫరు కూతురికి గుల్ల అని పేరు పెట్టారు. మొన్న భోజనాల బెల్లు కొట్టగానే మూడో బెంచీ పొడుగుపిల్ల టవరు వచ్చి, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. "మీ నాన్నే కదే ఫొటోలు వేసేది? నత్త లేని ఫొటో పట్రా, మా బెంచీలో కూర్చో." నత్త అక్కడే ఉంది. ఆ మాట తన గురించి కానట్టే డబ్బా మూత తీసి, గుల్ల వైపు జరిపింది.

"గ్రూపు ఫొటోలో ఉన్నవాళ్ళని తియ్యకూడదమ్మా," అన్నాడు తండ్రి.

"పెద్దవాళ్ళకైతే తీస్తావుగా! పోయిన వారం ఒకావిడ ఫొటోలోంచి మొగుణ్ణి తీసెయ్యలేదూ?"

"ఆవిడకి ఆ మొగుడు నరకం చూపించాడు."

"నాది మటుకు నరకం కాదా? నాతో ఎవ్వరూ మాట్లాడరు. ఆటలో చేర్చుకోరు. నేను వెళ్ళగానే అందరూ చప్పున నోళ్ళు మూసుకుంటారు. అంతా దానివల్లే!"

ఏడుస్తూ చేత్తో ముక్కు తుడుచుకుంది. అది దొంగ ఏడుపు కాదు. చెప్పిన ప్రతి మాటా నిజమే.

తండ్రి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇన్నేళ్ళలో నువ్వు పళ్ళు కనిపించేలా నవ్విన ఫొటో ఇదొక్కటే. నేనెంత బతిమాలినా మూతి బిగించుకుంటావు. ఆ పిల్ల ఏం చెప్పిందప్పుడు?"

"గుర్తు లేదు."

బాగా గుర్తుంది. 'మీ నాన్న కెమెరా మూత కోసం జేబులన్నీ వెతుకుతున్నారే. అది ఆయన నోట్లోనే ఉంది.' అంత మాట చెప్పడానికి నత్తకి ఎంతసేపు పట్టిందో, చెప్పేలోపలే గుల్లకి నవ్వాగలేదు.

మనిషిని తీసెయ్యడం క్షణంలో పని. వెనకున్న గోడని అతకడానికే టైము పడుతుంది. రెండు జడలూ పోయాయి. మొహం పోయింది. ఆ ఖాళీలోకి ఒక్కో ఇటుకా వచ్చి చేరింది. ఆఖరికి కూతురి భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి.

"మరి ఇవి?"

"ఏవి?"

"ఆ పిల్ల చెయ్యి. నీ భుజం మీద వేసింది కదా. ఉంచనా?"

కూతురు తల తిప్పుకుంది. "అవీ తీసెయ్యి."

తీసేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె గమనించనూ లేదు. రేపు ఒక జడ వేసుకోవాలా, రెండు వేసుకోవాలా అని సతమతమవుతోంది.

మర్నాడు టీచరు ఫొటోలు పంచి బయటికి వెళ్ళగానే మూడో బెంచీ గొల్లుమంది.

"శెభాష్ గుల్లా! సాధించావే!" టవరు ఆమె వీపు చరిచింది. "అయినా ఎవర్ని చూసి అలా ఇకిలిస్తున్నావు? గోడనా?"

అందరూ పడీ పడీ నవ్వారు. అందరికన్నా గట్టిగా గుల్ల నవ్వింది. వాళ్ళు జరిగి జానెడు చోటిచ్చారు. సగం బెంచీ మీద, సగం గాలిలో కూర్చుంది. అయినా ప్రాణం లేచొచ్చింది.

ఆఖరి బెంచీలో నత్త ఒక్కతే ఉంది. ఫొటో మీద వేలు పెట్టి, ఒక్కో మొహమే దాటుకుంటూ వెళుతోంది. కొసకి వచ్చి ఆగింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. తరగతి తరగతంతా నవ్వు బిగబట్టుకుని తమాషా చూస్తోంది.

నత్త లేచింది. తొందరేమీ లేకుండా నడుచుకుంటూ మూడో బెంచీ దగ్గరికి వచ్చింది. గుల్ల రాత్రే తయారుచేసి పెట్టుకున్న అబద్ధం గబగబా అప్పజెప్పింది.

"నాకేం తెలీదే. ప్రింటులో ఏదో పొరపాటు జరిగినట్టుంది."

నత్త ఎప్పట్లాగే కాసేపు ఆలోచించింది. తర్వాత గుల్ల భుజం మీద చెయ్యి వేసి, ఎవరికీ వినపడకుండా చెవి దగ్గరికి వంగింది.

"మీ నాన్నని ఏమీ అనకే. నన్ను తీసేస్తే వీళ్ళు నిన్ను కలుపుకుంటారని మొన్న సాయంత్రం నేనే వెళ్ళి బతిమాలాను. 'మా అమ్మాయి చస్తే ఒప్పుకోదమ్మా' అని పంపేశారు. నీకు తెలీకుండా తీసేసినట్టున్నారు, పాపం."