తల్లుల గది

“ఏం సిస్టరమ్మా, లోపట పండుకున్నవా ఏంది? బయట నలుగురం నిలబడ్డం!” ఆయా శంకరమ్మ బాత్రూం తలుపు దబదబా బాదింది.

లోపల షెకినా బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని పాలు పిండుకుంటోంది. మూడు రోజులుగా ఫ్లష్ పనిచేయడం లేదు. ఆ కంపుకు ఊపిరి బిగబట్టుకుంది. ఇంతలో గోడ మీది బొద్దింక జారి గిన్నెలో పడింది. షెకినా పాలన్నీ ఆ మురుగులోనే పారబోసింది. మన్నాఏఖేళ్ళి ఊళ్ళో అమ్మమ్మ దగ్గరున్న మూడు నెలల కొడుకు నోయల్‌కు ఇవాళ కూడా డబ్బా పాలే.

కాన్పు సెలవు ముగించుకుని బీదర్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా మళ్ళీ చేరి నాలుగు రోజులైంది. వరండా చివర ‘తల్లుల గది’ అని కొత్త బోర్డు పెట్టారు. తాళంచెవి మాత్రం నర్సు హేబ్సిబా దగ్గరే. ఆమె లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటే పసిపాప ఏడుపు వినబడి, కాసేపటికి ఆగిపోయేది.

“అక్కా, పది నిమిషాలు నాకు ఆ గది ఇయ్యరాదా?”

“అది నా చేతుల లేదు షెకినా.”

“తాళంచెవి కొంగుకు కట్టుకున్నట్టు తిరుగుతున్నవ్, నీ చేతుల లేదా? నా కొడుకుకు డబ్బా పాలు, నీ బిడ్డకేమో ఏసీ గది!”

“నా బిడ్డ మాట ఎత్తకు,” అని హేబ్సిబా విసురుగా వెళ్ళిపోయింది.

సాటి తల్లి ఇట్లా ఉంటుందా! షెకినాకు రోత పుట్టింది. నేరుగా ఆసుపత్రి యజమాని కోడలు డాక్టర్ వర్షిత దగ్గరికి వెళ్ళింది. మేడం కూడా ఈమధ్యే హైదరాబాద్‌లో కాన్పయి వచ్చింది. అర్థం చేసుకోకపోదు.

“బాత్రూంలనా? ఛీ!” వర్షిత ముఖం చిట్లించింది. “పాలు మంచిగ వస్తయా నీకు?”

“మస్తు వస్తయి మేడం. పిండకపోతే గడ్డలు కడుతున్నయి.”

“మందులేమన్న వాడుతున్నవా?”

“లేదు మేడం.”

“అయితే రక్తపరీక్ష చేయించుకో. ఆ గదికి అదే రూల్.”

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. వర్షిత దాన్ని రెండుసార్లు చదివి, నవ్వుతూ ఇంకో తాళంచెవి చేతిలో పెట్టింది.

“దేవుడు మిమ్మల్ని సల్లగ చూడాలె మేడం,” షెకినా చేతులు జోడించింది.

మర్నాడు వేడినీళ్ళతో కడిగిన సీసా పట్టుకుని గదిలోకి వెళ్ళింది. ఒక కుర్చీలో హేబ్సిబా పసిపాపకు పాలు ఇస్తోంది.

“ఏమక్కా, నేను గూడ వచ్చిన గద! ఇప్పుడేమంటవ్?”

“ఎందుకొచ్చినవే…” హేబ్సిబా తలెత్తలేదు.

షెకినా రెండో కుర్చీలో కూర్చుని బొత్తాలు విప్పుకుంటుండగా వర్షిత లోపలికి వచ్చింది.

“సీసా ఎందుకు? పక్కకు పెట్టు.”

మేడం తన కవలల్లో రెండో బిడ్డను షెకినా ఒళ్ళో పెట్టింది.