బురదలో అడుగు

అడవిదున్న అన్నదే మిగలని ఒక కొండ అడవిలోకి ఎక్కడినుంచో నాలుగు దున్నలను లారీలో తెచ్చి వదిలారు. వాటిలో పెద్దదాని మెడకు పట్టీ కట్టారు. అదెక్కడ తిరుగుతోందో ఆ పట్టీ అడవి కాపలాదారు బయన్న చేతిలోని పెట్టెకు చెప్పేది. బయన్న రోజూ కొండలెక్కొచ్చి, దూరం నుంచే దాన్ని చూసి పోయేవాడు.

"అడవిలో బతుకుతూ మెడకా పట్టీ ఏమిటే, సిగ్గులేకుండా!" అని కొండముచ్చు ఎగతాళి చేసేది. దున్నకు తల కొట్టేసినట్టుండేది.

రెండేళ్లకు పట్టీ తెగి పొదలో పడింది. "పీడ విరగడైంది!" అని దున్న గంతులేసింది.

మర్నాడు బయన్న చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. పట్టీ కదలకపోతే దున్న చచ్చిందని కూస్తుంది ఆ పెట్టె. "ఎక్కడ పడిపోయావే తల్లీ!" అంటూ పొదపొదా వెతికాడు. వెతికి వెతికి కూలబడ్డాడు.

"కదలకు. కనబడ్డావంటే మళ్ళీ కడతాడు" అని చెట్టుమీది కొండముచ్చు గుసగుసలాడింది.

"కట్టనీ. నువ్వు కనబడకపోతే ఇట్లా వెతికేవాళ్ళున్నారా?" అంటూ దున్న బయటికొచ్చి నిలబడింది.



బయన్న కళ్ళు తుడుచుకున్నాడు. "బతికున్నావు, చాలు" అని పొదలో పడున్న పట్టీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటినుంచి దున్న వాగుకొచ్చినప్పుడల్లా బయన్న చూస్తాడని ఒడ్డు బురదలో గట్టిగా అడుగేసి పోయేది.

ఒకనాడు కొండముచ్చు అటూ ఇటూ చూసి మెల్లగా చెట్టు దిగింది. ఆ గిట్టగుర్తు పక్కనే తన అరచెయ్యి అద్ది వెళ్ళిపోయింది.