మూడో బంతి

మూడో బంతిలో మళ్ళీ అదే జరిగింది. విస్తరికి ఒక్క బూరె వేయాల్సిన బసవయ్య, బ్యాండువాళ్ళకీ కారు డ్రైవర్లకీ రెండేసి జార్చేశాడు. ముందు బంతులకు అడిగినన్ని వేశాం గనుక ఆఖరివాళ్ళకు ఒక్కొక్కటే చాలన్నది పెళ్ళివారి ఆజ్ఞ. పెళ్ళికూతురి మేనమామ చూడనే చూశాడు, నానా మాటలూ అన్నాడు.

కేటరింగ్ నడిపే ఉషశ్రీకి ప్రాణం ఉసూరుమంది. నూర్పిడి మిషన్లో కుడిచెయ్యి పోయినా, ఎడంచేత్తో వడ్డిస్తే ఎవరూ ఊరుకోరని, బ్యాటరీ చెయ్యి పెట్టించుకుని మరీ పనిలోకొచ్చాడు పెద్దాయన. మిగిలిన కండను బిగించే తీరును బట్టి దాని వేళ్ళు కదులుతాయి. మొదటి రెండు బంతుల్లో ఆ చెయ్యి ఎంత బుద్ధిగా ఉంటుందో! మూడో బంతికి మాత్రం మాట వినదు. పిడికిట్లో రెండు బూరెలు పట్టి ఒకటి వదలబోతే రెండూ పడిపోతాయి.

“కండ అలిసిపోతందమ్మా. నేనేం చెయ్యను?” అంటాడు తలొంచుకుని.

ఆమె తమ్ముడు లక్ష్మీకాంత్ తెగేసి చెప్పాడు. వచ్చే ముహూర్తం నుంచి బసవయ్య వంటపాకలో ఆకులు తుడవాల్సిందే, వడ్డనలోకి రాకూడదన్నాడు. చిన్నప్పుడు తనకు గోరుముద్దలు తినిపించిన బసవయ్య బాబాయిని అలా వెనక్కి నెట్టెయ్యడానికి ఉషశ్రీకి మనసెలా ఒప్పుతుంది? రెండు బంతులు వడ్డించి, మూడోదానికి కూర్చోమని బతిమాలింది. ఆయన వింటేగా. మూడోదీ తనే వడ్డిస్తానని మొండికేశాడు. అంత రోషం మనిషికి!

ఇక లాభం లేదని చల్లపల్లి నుంచి బెజవాడ తీసుకెళ్ళి, ఆ చెయ్యి అమర్చిన విశ్వేశ్వర్‌కు చూపించింది. అతను గంటసేపు బసవయ్య చేత గ్లాసు పట్టించి, వదిలించి, కంప్యూటర్లో గీతలు చూశాడు. పెద్దాయన టీ తాగొస్తానని బయటికెళ్ళాడు.

“కండ అలిసినా పట్టు జారకుండా ఏదో ఒకటి చెయ్యండి. వడ్డన మాన్పిస్తే మా బాబాయ్ బెంగతోనే పోతాడండీ,” అంది ఉషశ్రీ.

విశ్వేశ్వర్ మళ్ళీ ఒకసారి గీతలు చూసి తల అడ్డంగా ఊపాడు. అలసట నిజమే గానీ, ఆమె చెప్పినట్టు బూరెలు జారిపోవడం మాత్రం జరగదన్నాడు.

“అదేంటండీ? నా కళ్ళతో చూశాను.”

“తెరవాలంటే కండ గట్టిగా బిగించాలి. అలిసిపోతే ఈ చెయ్యి తెరుచుకోదండీ.”