సగం పన్ను ఇల్లు

వీధి తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడు విని ఆమె ఉలిక్కిపడింది. వెనక తలుపుదాకా పరుగెత్తే వ్యవధి లేదు. చేతిలోని టీ కప్పుతో సహా మెట్ల కింది అరలోకి దూరి, తలుపు లోపలికి లాక్కుంది.

"కాళ్ళు తుడుచుకుని రండి నాయనా" అంటోంది మేవిస్. పక్కింటావిడ. ఈ ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరుంటుంది. "ఖాళీ ఇల్లని రాసిచ్చాక కూడా వచ్చి చూడాలా?"

"చూడాలండీ" అన్నాడు ఇంటిపన్ను చూసే ఊరి కౌన్సిల్ ఆఫీసు నుంచి వచ్చిన లమ్లీ. "ఇంటామె విదేశంలో ఉందని సగం పన్ను తగ్గించాం. ఎవరో ఫోన్ చేసి, కర్టెన్ వెనక మనిషి మసులుతోందన్నారు. నిజమైతే తగ్గింపు పోతుంది, పైగా జరిమానా."

అరలో ఆమె మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఈ ఇంట్లో దొంగబతుకే. కర్టెన్లు తీయదు. హీటర్ వెయ్యదు. పక్కింట్లో రేడియో మోగుతున్నప్పుడే కుళాయి తిప్పుతుంది. గోడ పలచన, దగ్గొస్తే దిండులో మొహం పెట్టి దగ్గాలి. వాన గట్టిగా పడే వేళ చూసుకుని, టోపీ మొహం మీదికి లాక్కుని, వెనక సందులోంచి వెళ్ళి రొట్టే, బీన్సు డబ్బాలూ తెచ్చుకుంటుంది. ఇంగ్లండు సముద్రతీరంలోని ఈ మోర్కమ్ ఊళ్ళో వానకి కరువు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ గడిచింది.

"ఐవీగారు వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అడిగాడు లమ్లీ.

"కిందటి వేసవిలో. ఊలు దుకాణం అమ్మేసి, అరవయ్యో ఏట పెళ్ళి చేసుకుని మరీ వెళ్ళింది. ఆయనకి స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున బార్ ఉందట. వీధి వీధంతా కలిసి కేకు కోసి సాగనంపాం. టాక్సీ ఎక్కుతూ ఏమందో తెలుసా? 'ఈ వానలో మీరే నానండి, నేను మళ్ళీ ఈ వీధి తొక్కితే ఒట్టు' అంది. నవ్వుతూనే అందిలెండి."

అడుగులు వంటింట్లోకి వెళ్ళాయి. అక్కడ ఆగాయి.

"కెటిల్ వేడిగా ఉందండీ."

అరలో ఆమె టీ కప్పు మీద అరచెయ్యి మూసింది.

"వేడిగా ఉండక? ఇందాక నేనేగా పెట్టింది" అంది మేవిస్. "మా ఆయన పొద్దున్న లేస్తే టీవీలో గుర్రప్పందేలు. ప్రశాంతంగా ఓ కప్పు టీ తాగాలంటే నాకు ఇదే దిక్కు."

"మరి కర్టెన్ వెనక కనిపించింది?"

"నేనే. ఫోన్ చేసింది ఎదురింటి డెరెక్ అయ్యుంటాడు. కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలాడంటారని వాడి బెంగ. నన్ను చూసి దెయ్యమనుకోలేదు, సంతోషం."

మేవిస్ ఎందుకలా చెబుతోందో ఆమెకి అంతుబట్టలేదు. ఇన్ని నెలల్లో మేవిస్ ఇక్కడ టీ తాగింది లేదు. రోజూ వచ్చి ఇల్లు చూస్తానని మాటిచ్చి, గడప తొక్కకుండా ఊరుకున్న సంగతి కప్పిపుచ్చుకుంటోంది కాబోలు.

అడుగులు ఇటే వచ్చాయి. "ఇందులో ఏముంది?" లమ్లీ గొంతు చెవి పక్కనే వినిపించింది. తలుపు పిడి సగం తిరిగింది. ఆమె వేళ్ళు చెక్కని గట్టిగా పట్టుకున్నాయి.

"గ్యాస్ మీటరు. ఆ తలుపు బందు ఊడింది, లాగారంటే మీద పడుతుంది. తర్వాత బాగుచేయించే పూచీ మీదే మరి."

పిడి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"సరేనండీ. ఖాళీ అనే రాసుకుంటాను."

"వద్దు నాయనా" అంది మేవిస్. "ఆ తగ్గింపు తీసేయండి. ఐవీ వచ్చేస్తోంది. శుక్రవారానికల్లా ఇంట్లో ఉంటానని కార్డు రాసింది."

చీకట్లో ఆమె నోరు తెరిచింది. కప్పులో మిగిలిన టీ ఒళ్ళోకి ఒలికినా తెలియలేదు. శుక్రవారం. వీధంతా ఈ గుమ్మం వైపే చూస్తుంది. ఆ తర్వాత ఇక్కడ దాక్కోవడం కుదరదు. ఇంకెక్కడా చోటు లేదు.

"ఆ కార్డు ఓసారి చూడొచ్చా?"

"స్టాంపు కోసం మా మనవరాలు చింపేసింది."

"భార్యాభర్తలిద్దరూ వస్తున్నారా?"

"ఆయన ఊసు లేదు అందులో. ఒంటరి మనిషికి పన్నులో ఎంత తగ్గుతుంది?"

"పావు వంతు."

"అయితే అది రాసుకోండి."

"మళ్ళీ ఈ వీధి తొక్కనని ఒట్టు పెట్టుకున్నారన్నారు?"

"పెట్టుకుంది. పాపం, ఒట్టు తీసి గట్టున పెట్టడానికి ఒక్కోసారి పక్కింటివాళ్ళూ ఓ చెయ్యి వెయ్యాలి. వచ్చాక ఎవరూ ఏమీ అడగరు. డెరెక్ నోరు నేను మూయిస్తాగా."

లమ్లీ నవ్వి సెలవు తీసుకున్నాడు. వీధి తలుపు మూసుకుంది. కారు కదిలిన చప్పుడు వాన హోరులో కలిసిపోయింది.

మేవిస్ కూడా వెళ్ళిపోయి ఉంటుందనుకుంది ఆమె. పక్కింటి తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించింది. అది వినబడలేదు. నడవాలో చెప్పులు మెల్లగా ఇటే వచ్చి, అర ముందు ఆగాయి. మోకాళ్ళ నొప్పికి చిన్నగా మూలుగుతూ ఎవరో నేలమీద చతికిలబడ్డారు.

తలుపు మీద రెండు వేళ్ళతో తట్టింది మేవిస్.

"నీ ఇంట్లో నువ్వు దాక్కోవడమేమిటే, ఐవీ?"