ఎవరు చేసిన చార్జర్?

"మీ చార్జర్ పుణ్యమా అని బ్యాటరీ పేలి, కుట్టడానికిచ్చిన బట్టలన్నీ తగలబడ్డాయి!" రిపేరు షాపు కౌంటరు మీద మాడిన చార్జర్ విసిరేశాడు టైలరు.

"అది మా ఆవిడ చేసిందండీ," అన్నాడు షాపు యజమాని తడుముకోకుండా.

వెనక బల్ల దగ్గర సోల్డరింగ్ చేస్తున్న అతని భార్య ఉలిక్కిపడింది. మూడేళ్లుగా ఆ షాపులో అమ్మే చార్జర్లన్నీ ఆమె చేసినవే. ఆ మాట అతని నోట రావడం ఇదే మొదటిసారి.

వచ్చి మూత తీసి చూసింది. బ్యాటరీ నిండగానే కరెంటు ఆపే ముక్క అందులో లేదు.

"ఆ ముక్క పీకిందెవరు?"

"నేనే. అదుంటే చార్జింగ్ నత్తనడక. నోర్మూసుకో," అని చెవిలో గొణిగాడు.

"మా బావమరిది ఇక్కడే కొన్న చార్జర్ రెండేళ్లుగా నిక్షేపంలా ఉందే?" అన్నాడు టైలరు.

"అది నేను చేసిందండీ!" అన్నాడు భర్త వెంటనే.

"అయితే మిగతావీ మీరే చేసుకోండి," అంటూ ఆమె సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకేసింది.