ఆకాశం విరిగిపడే సాయంత్రం

"ఏం చెప్తావో ఒకసారి చెప్పు, విందాం," అంది రాజ్యం, కళ్లంలో మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతూనే.

ట్రాక్టరు డ్రైవరు సైదా తల గోక్కున్నాడు. "ఆకాశంలో తిరిగే రష్యావాళ్ల మీర్ స్టేషను ఇయ్యాళ సందేళ మన మీద పడుద్దంట, మీ చెల్లెలు రమ్మంటుందని చెంచయ్యగారికి చెప్తా. కానీ అమ్మా, అది నిన్ననే పడిందిగా! జనం మీద పడకుండా వాళ్లే సముద్రంలోకి దించేశారంట. టీవీలో చెప్పారు."

"మా అన్నయ్య ఇంట్లో టీవీ లేదులే. నువ్వు పో!"

సైదా నవ్వుకుంటూ పక్కూరికి ట్రాక్టరు తోలాడు.

మరేం చేస్తుంది రాజ్యం? అమ్మ పెద్దకర్మ రోజు నోరు జారింది. "అమ్మను ఎవరు చూశారో ఊరందరికీ తెలుసులే," అనేసింది. చెంచయ్య విస్తరి ముందునుంచి లేచిపోయాడు. మూడేళ్లయింది, మళ్లీ గడప తొక్కలేదు. ఎదురుపడినా తల తిప్పుకుంటాడు. ఉన్నది ఒక్కగానొక్క అన్న.

ఆయనకు ప్రాణమంటే మహా తీపి. ఆ ఆశతోనే ఈ ఎత్తు. వెనకటికి, నచ్చినవాణ్ణి చేసుకుందని తనతో మాటలు మానేసిన మనిషి, అమెరికావాళ్ల స్కైలాబ్ ఇలాగే ఆకాశంలోంచి పడుతోందనగానే పుంజును చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "చస్తే కలిసే చద్దాం చెల్లాయ్!" అన్నాడు. ఏదీ పడలేదు. కోడికూర మాత్రం అయిపోయింది. ఆ భయాన్ని తలచుకుని రాజ్యం ఏళ్లతరబడి నవ్వింది.

పొద్దు వాలింది. కళ్లమంతా ఎర్రగా మిరపకాయలు, పడమటంతా ఎర్రగా మబ్బులు. ఎక్కడ నేల అయిపోయి ఎక్కడ నింగి మొదలైందో తెలియడం లేదు. కలలో ఉన్నట్టే ఉంది రాజ్యానికి. కళ్లం పక్కనే పెట్టిన పొయ్యి మీద కోడికూర ఉడికిపోయింది. రాడేమో అనుకుంటూ దారికేసి చూసింది.

ట్రాక్టరు చప్పుడయింది. చెంచయ్య దిగి, మిరపఘాటుకు తుమ్మి, పైకి చూశాడు.

"ఎక్కడే అది?"

"వస్తుందిలే అన్నయ్యా, కూర్చో."

కళ్లంలో పరిచిన పట్టా మీద పక్కపక్కనే కూర్చున్నారు. తొలిచుక్క పొడిచింది. గాలి మెల్లగా తిరిగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా తలలెత్తి చూస్తూ ఉండిపోయారు.

"పైన ఇంకా బోలెడు తుక్కు తిరుగుతోందంటగా?" అన్నాడాయన.

"అవునంట. చెడిపోయిన ఉపగ్రహాలు, రాకెట్ల ముక్కలు. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కనిపెట్టుకుని ఉంటున్నారంట."

"పారేసినోళ్లే ఏరుకోవాలిగా మరి."

రాజ్యం అన్నవైపు తిరిగింది. "నేనూ ఆరోజు ఒక మాట పారేశాను. తప్పయింది అన్నయ్యా."

చెంచయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. రాజ్యం ఏడ్చేసింది. ఏడుస్తూనే అన్నం వడ్డించింది. ఆయన ముద్ద కలుపుతుంటే ఇక దాచలేకపోయింది.

"అన్నయ్యా, ఏదీ పడదు. అది నిన్ననే సముద్రంలో పడిపోయింది. నువ్వు రావాలని అబద్ధం చెప్పించాను."

"తెలుసు."

"తెలిసీ వచ్చావా!"

"పిచ్చిదానా, స్కైలాబ్ అప్పుడూ అది పడిపోయిందని రేడియోలో విన్నాకే వచ్చాను."